యూరోపియన్ పార్లమెంట్ ఎన్నికలు: పొత్తులూ సీట్ల అంచనాలూ ఎలా చదవాలి

2024 జూన్ 4న మన ఫలితాలు వచ్చాయి. రెండు రోజులు తిరిగేసరికి యూరప్‌లో పోలింగ్ మొదలైంది (జూన్ 6 నుంచి 9 దాకా). ఈ టాపిక్‌లో మార్కులు పోయేది ఎక్కువగా ఒక్కచోటే: మన పొత్తు లెక్కను అక్కడికి మోసుకెళ్లడం. ఆంధ్రప్రదేశ్‌లో 175 స్థానాలకు టీడీపీ 144, జనసేన 21, బీజేపీ 10 పంచుకున్నాయి. అంటే నియోజకవర్గానికి ఒకే అభ్యర్థి, మిగతా ఇద్దరి ఓట్లు అతనికి బదిలీ కావాలి. యూరప్‌లో ఉన్నది దామాషా పద్ధతి, అంటే ఓట్ల వాటాను బట్టి సీట్లు. అక్కడ పొత్తు రెండు దశల్లో జరుగుతుంది: పోలింగ్‌కు ముందు దేశంలో ఉమ్మడి అభ్యర్థుల జాబితా, పోలింగ్ అయ్యాక పార్లమెంటులో గ్రూపు (వేర్వేరు దేశాల పార్టీల కూటమి). నోట్స్‌లో ఈ రెంటికీ వేర్వేరు పేజీలు పెట్టుకోండి.

ప్రిలిమ్స్ బిట్లకు కావలసింది తక్కువే. యూరోపియన్ యూనియన్ (ఈయూ)లో 27 దేశాలు, పార్లమెంటులో 720 సీట్లు. జర్మనీకి 96, ఫ్రాన్స్‌కు 81, ఇటలీకి 76. మాల్టా, లక్సెంబర్గ్, సైప్రస్‌లకు ఆరేసి. ఒప్పందం ప్రకారం ఏ దేశానికైనా 6కు తగ్గవు, 96కు మించవు. అందుకే జనాభాతో సీట్లు సరిసమానంగా పెరగవు. ఐర్లాండ్, మాల్టాల్లో జాబితాలు ఉండవు. మన రాజ్యసభలాగా ఒకే బదిలీ ఓటు (అభ్యర్థులకు 1, 2, 3 అని ప్రాధాన్య క్రమం ఇచ్చే పద్ధతి). స్టేట్‌మెంట్ ప్రశ్నలో "అన్ని దేశాల్లో ఒకే పద్ధతి" అని కనిపిస్తే తప్పని పెట్టేయండి.

ఓట్లను సీట్లుగా మార్చే డి'హోంట్ పద్ధతిని చదివితే అర్థం కాదు, కాగితం మీద చేత్తో వేయాలి. 6 సీట్లు, 100 ఓట్లు అనుకోండి. అ పార్టీకి 41, ఆకు 30, ఇకి 17, ఈకి 12. ఒక్కొక్కరి ఓట్లను 1, 2, 3తో భాగించి, వచ్చిన అంకెల్లో పెద్దవి ఆరు ఏరండి: 41, 30, 20.5, 17, 15, 13.67. అకు 3, ఆకు 2, ఇకి 1, ఈకి సున్నా. ఇప్పుడు ఇ, ఈ కలిసి ఒకే జాబితా వేస్తే వాళ్ల అంకెలు 29, 14.5 అవుతాయి. అ పార్టీ 13.67 బయటికి పోతుంది. లెక్క 2, 2, 2. అకి ఒక్క ఓటూ తగ్గలేదు, సీటు మాత్రం పోయింది.

కనీస ఓట్ల శాతం ఉన్నచోట దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. ఇటలీలో ఆ గీత 4 శాతం, అంతకు తగ్గిన జాబితాకు సీట్లే లేవు. రెంజీ, కలెండా పార్టీలు 2022 జాతీయ ఎన్నికల్లో కలిసి పోటీచేశాయి, తర్వాత ఏడాదే తెగతెంపులు చేసుకున్నాయి. 2024లో రెంజీ ఉన్న జాబితాకు 3.8 శాతం దగ్గర, కలెండా జాబితాకు 3.4 దగ్గర వచ్చాయి. కలిపితే 7 దాటుతుంది, సీట్లు మాత్రం సున్నా. అదే ఎన్నికలో గ్రీన్స్, వామపక్షం కలిసి వేసిన జాబితా 6.8 శాతంతోనే 6 సీట్లు పట్టుకుపోయింది. మెయిన్స్‌లో పొత్తుల గురించి రాయాల్సి వస్తే ఈ ఒక్క ఉదాహరణ చాలు. ఫ్రాన్స్, పోలండ్ అన్నీ గుప్పించకండి.

ఇక అంచనాలు. యూరప్ మొత్తానికీ ఒకే సర్వే అనేది పెద్దగా ఆధారం కాదు. దేశాలవారీ సర్వేలను సీట్లుగా మార్చి, ఆ సీట్లను గ్రూపుల్లో వేసి కూడతారు. ఓట్ల శాతం దాదాపు సరిగ్గానే ఉండొచ్చు, గ్రూపులో వేసేటప్పుడు లెక్క తప్పుతుంది. యూరోపియన్ కౌన్సిల్ ఆన్ ఫారిన్ రిలేషన్స్ అనే సంస్థ (పేరు చూసి ఈయూ అంగం అనుకోవద్దు) 2024 జనవరిలో ఈపీపీకి (మితవాద-మధ్యేవాద గ్రూపు) 173, ఐడీకి (తీవ్ర మితవాద గ్రూపు) 98 వేసింది. ఈపీపీకి 188 వచ్చాయి. హంగరీలో పీటర్ మాజర్ టిసా పార్టీ 7 సీట్లు గెలిచి ఈపీపీలో చేరింది. జనవరికి ఆ పార్టీ ఎవరి లెక్కలోనూ లేదు. ఐడీ అయితే అసలు మిగల్లేదు. మేలో ఆ గ్రూపు జర్మనీకి చెందిన ఏఎఫ్‌డీ పార్టీని బయటికి పంపింది. ఎన్నికలయ్యాక ఫ్రాన్స్‌లోని లె పెన్ పార్టీ సహా చాలామంది హంగరీ నేత ఓర్బాన్ మొదలుపెట్టిన పేట్రియట్స్ గ్రూపులోకి వెళ్లారు: 84 సీట్లు. ఏఎఫ్‌డీ వేరే గ్రూపు పెట్టింది: 25. గ్రూపుకు కనీసం 23 మంది సభ్యులు, 7 దేశాల నుంచి ఉండాలి. అందుకే ఏ అంచనా రాసినా పక్కన తేదీ వేయండి, గ్రూపు పేరు అప్పటిదా ఇప్పటిదా చూడండి.

ఆఖరుగా ఒక ఉచ్చు. 2024 జూలై 18న యూరోపియన్ కమిషన్ (ఈయూ కార్యనిర్వాహక విభాగం) అధ్యక్ష పదవికి పార్లమెంటులో జరిగిన ఓటింగ్‌లో ఫాన్ డెర్ లాయెన్‌కు 401 ఓట్లు వచ్చాయి, కావలసినవి 360 (అప్పటికి ఒక సీటు ఖాళీ). ఈపీపీ 188, ఎస్ అండ్ డీ (సోషలిస్టుల గ్రూపు) 136, రెన్యూ (ఉదారవాదుల గ్రూపు) 77 కూడితే సరిగ్గా 401. దాంతో "మూడు గ్రూపులూ మూకుమ్మడిగా వేశాయి" అని రాసేస్తారు. అది రహస్య ఓటింగ్, పైగా గ్రీన్స్ కూడా మద్దతు ప్రకటించారు. అంటే ఆ మూడింట్లో కొందరు జారుకున్నారన్నమాట. అంకె కలవడం కాకతాళీయం.