నాలుగు ఇంప్లాంట్లు, నాలుగు మిల్లీమీటర్లు

దిల్‌సుఖ్‌నగర్‌లో పళ్ల క్లినిక్ పెట్టి 11 ఏళ్లయింది. ఒక్కో పన్నుకు ఇంప్లాంట్ (పన్ను వేరు బదులు ఎముకలో బిగించే స్క్రూ) వేస్తూ వచ్చాను గానీ, దవడ మొత్తం కట్టే పని జోలికి చాలాకాలం పోలేదు. కోర్సు చేశాక ఒప్పుకున్న మొదటి కేసు నల్గొండ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మది. పైన పాత సెట్టు, కింద కదులుతున్న ఆరు పళ్లు. షుగరు అదుపులోకి వచ్చేదాకా నాలుగు నెలలు ఆగాం.

కింది దవడకు ఎంచుకున్నది ఆల్-ఆన్-ఫోర్, అంటే నాలుగు ఇంప్లాంట్ల మీదే పళ్ల వరస మొత్తం నిలబెట్టే పద్ధతి. పోర్చుగల్ డాక్టరు పాలో మాలో బృందం 2003లో కింది దవడల మీదే దీన్ని ప్రచురించింది. ముందు రెండు ఇంప్లాంట్లు నిటారుగా, వెనక రెండు ఏటవాలుగా. పెదవికి స్పర్శనిచ్చే నరం బయటికొచ్చే చోటును తప్పించుకుంటూనే పళ్ల వరసకు వీలైనంత వెనకదాకా ఆధారం దొరకాలని ఆ వాలు. నా భయమంతా ఆ నరం గురించే. దవడను మూడు కోణాల్లోనూ చూపే సీబీసీటీ స్కాన్‌ను ఎన్ని రాత్రులు తిప్పి తిప్పి చూశానో. నాలుగూ 35 న్యూటన్ సెంటీమీటర్లకు పైనే బిగిశాయి, వెంటనే పళ్లు ఎక్కించడానికి సరిపడా బిగువు. మర్నాడు తాత్కాలిక యాక్రిలిక్ వరస ఎక్కించాం. ఆమె అద్దం పట్టుకుని చాలాసేపు కూచుంది.

పదో వారంలో ఫోన్. "బిడ్డా, పండ్లు పగిలినయ్. ఛాయ్‌ల నానబెట్టి సకినం తిన్న. నాదే తప్పు."

విప్పి చూస్తే ఎడమవైపు వెనక స్క్రూ రంధ్రం దగ్గర చీలింది. అక్కడ యాక్రిలిక్ మరీ పల్చగా ఉంది. ఎముక నుంచి పళ్ల అంచు దాకా 15 మిల్లీమీటర్లు ఉండాల్సిన చోట నేను మిగిల్చింది 11. ఆపరేషన్ రోజున ఎముకను ఇంకా చదును చేయాల్సింది. చెయ్యి రాలేదు. ఒక్క పన్ను కేసుల్లో ఎముకను పొదుపుగా కాపాడుకోవడమే ఇన్నేళ్లూ నేర్చింది. ఇక్కడ ముందు పళ్లు ఎక్కడ కూర్చోవాలో తేల్చుకుని, దానికి తగ్గట్టు ఎముకను దించాలి.

"తప్పు సకినానిది కాదు పెద్దమ్మా, నాది" అన్నాను. ఆమె నమ్మలేదు. కొడుకును కూచోబెట్టి కొలతలు చూపించాను. తర్వాతి పనికి డబ్బు తీసుకోలేదు.

ఇంప్లాంట్లు ఎముకలో కుదురుకుంటున్నాయి, మళ్లీ కోయలేం. దారి పైదవడలో దొరికింది. పాత సెట్టు అరిగి అరిగి బైటు (పళ్లు కరుచుకున్నప్పుడు దవడల మధ్య ఎత్తు) కుంగిపోయింది. మొదటే పట్టుకోవాల్సిన సంగతి. కొత్త సెట్టుతో 3 మిల్లీమీటర్ల ఎత్తు తిరిగి తెచ్చి, మరమ్మతు చేసిన వరసతో కొన్ని వారాలు అలవాటు చేయించాం. లోపల టైటానియం బార్ ఉన్న చివరి వరసకు ముందు, ఇంప్లాంట్ల కొలత సరిచూసే జిగ్ అనే చట్రాన్ని ఒక కొస స్క్రూతో మాత్రమే బిగించి చూశాను. రెండో కొసన సన్నని సందు, అంటే కొలత తప్పింది. జిగ్‌ను కోసి, నోట్లోనే మళ్లీ అతికించి ల్యాబ్‌కు పంపాను. ఆరో నెలకు వరస ఎక్కింది.

రెండో కేసుకు పళ్లను ముందే మైనంలో పేర్చి, వాటినుంచి పారదర్శకమైన స్టెంట్ (ఎముకను ఎంత దించాలో చూపే అచ్చు) చేయించి, ఎముక మీద గీత గీశాకే డ్రిల్ పట్టుకున్నాను.