కింది సెట్టుతోనే అసలు పేచీ

పళ్ళన్నీ తీయించేసి కట్టుడుపళ్ళ సెట్టు పెట్టించుకుంటున్నా అనగానే చుట్టాలందరిదీ ఒకటే మాట, పై పళ్ళు తీయించకే, కళ్ళు దెబ్బతింటాయి అని. కళ్ళకేం కాలేదు, సూదిలో దారం ఇప్పటికీ నేనే ఎక్కిస్తున్నా. నా పళ్ళు పుచ్చి పోలేదు, షుగరుతో చిగుళ్ళు పాడై, లోపల పట్టుకునే ఎముక కరిగిపోయి అన్నీ ఊగడం మొదలుపెట్టాయి. విడతలవారీగా తీశారు. తీసిన రోజు దూది కరిచిపట్టుకుని కూర్చోవాలి, ఉమ్మకూడదు, పుక్కిలించకూడదు, స్ట్రా పెట్టి తాగకూడదు, ఆ గుంటలో గడ్డకట్టిన రక్తం ఊడొస్తే నొప్పి భరించలేం అన్నారు. మర్నాటి నుంచి ఉప్పునీళ్ళు. ఆ తర్వాత చిగుళ్ళు మానేదాకా బోసినోరే, పెరుగన్నం, పెసరకట్టు, నానబెట్టిన ఇడ్లీ.

కొలతలకి వెళ్ళినప్పుడు ముందు మైనం మీద పళ్ళు గుచ్చి ట్రయల్ చూస్తారు. ఆ డాక్టరమ్మాయి "ఆంటీ, సిక్స్‌టీ సిక్స్ అనండి" అంది. 'స' పలికితే పై పళ్ళకీ కింది పళ్ళకీ మధ్య సందు సరిగ్గా ఉందో లేదో తెలుస్తుందట. మన అరవై ఆరులో 'స' ఎక్కడుంది, అందుకే ఇంగ్లీషు అంకె అనిపిస్తారు కాబోలు. రంగు కూడా అప్పుడే చూసుకోవాలి, మరీ తెల్లగా వద్దన్నా, ఈ వయసులో టీవీ యాడ్‌లా మెరిసిపోతే ఎవరు నమ్ముతారు.

పెట్టుకున్న కొత్తల్లో నోరంతా ఒకటే ఉమ్మి. ఏదో తినేది వచ్చిందనుకుంటుందట నోరు, నాలుగురోజులు పోతే తగ్గింది. పై సెట్టు అంగుడంతా కప్పేసి లాలాజలంతో అతుక్కుని కదలకుండా కూర్చుంటుంది. అసలు పేచీ కింది సెట్టుతోనే. అది గుర్రపునాడా ఆకారంలో ఉంటుంది, ఆనడానికి చోటు తక్కువ, మధ్యలో నాలుక ఊరుకోదు, మాట్లాడితే లేస్తుంది, ఆవలిస్తే లేస్తుంది. పైగా ఏళ్ళమీద చూస్తే కింది దవడ ఎముక పైదానికంటే దాదాపు నాలుగురెట్లు ఎక్కువ అరుగుతుందట. ఈ సంగతి పళ్ళు తీయకముందు ఎవరైనా చెప్తే బాగుండేది.

కొత్త చెప్పులు కరిచినట్టు చిగురు మీద అక్కడక్కడ పుండ్లు పడ్డాయి. తీసి పక్కన పెట్టేస్తానంటే డాక్టరమ్మాయి ఒప్పుకోలేదు, "నా దగ్గరికి వచ్చే ముందురోజు మాత్రం తప్పకుండా పెట్టుకుని రండి, ఎక్కడ ఒత్తుతోందో అప్పుడే కనబడుతుంది" అంది. ఎర్రగా ఉన్నచోట చూసి సెట్టుని కాస్త అరగదీస్తుంది, అంతే, మర్నాటికి హాయి. మా అత్తగారు ఇలాగే నొప్పని డబ్బాలో పెట్టేసి పెళ్ళిళ్ళకి మాత్రమే తీసేవారు, ఆవిడకి అలవాటు కాలేదని ఇంట్లో అందరూ అనేవాళ్ళు కానీ నన్నడిగితే ఆవిణ్ణి మళ్ళీ తీసుకెళ్ళి అరగదీయించినవాళ్ళు లేరు.

తినడం మాత్రం మళ్ళీ మొదటినుంచీ నేర్చుకోవాల్సిందే. ముందు పళ్ళతో కొరికితే వెనక భాగం పైకి లేస్తుంది కాబట్టి జామకాయైనా సరే చిన్న ముక్కలు కోసుకుని, రెండు పక్కలా కొంచెం కొంచెం పెట్టుకుని ఒకేసారి నమలాలి. ఒక పక్కనే నమిలితే రెండోవైపు లేస్తుంది. నువ్వులు, జామగింజలు సెట్టు కిందకి దూరాయంటే ప్రాణం పోతుంది, లేచెళ్ళి కడుక్కోవాల్సిందే. ములక్కాడ చీకడం కుదురుతోంది, చెగోడీలు ఇంకా లేదు. ఇంకోటి, అంగుడు కప్పేసి ఉంటుంది కదా, కాఫీ ఎంత వేడిగా ఉందో నోట్లో తెలీదు, గొంతు దిగాక తెలుస్తుంది. జాగ్రత్త.

మాట కోసం రోజూ పేపరు పైకి చదివేదాన్ని, మావారు వినలేక వరండాలోకి వెళ్ళిపోయేవారు. శనివారం పారాయణంలో శ, ష, స మూడూ ఈలలాగా వచ్చేవి, పక్కావిడ నవ్వాపుకోలేక చీర కొంగు అడ్డం పెట్టుకుంది. ఇప్పుడు పర్వాలేదు.

రాత్రి తీసేసి చన్నీళ్ళలో వేస్తా, చిగుళ్ళకీ విశ్రాంతి కావాలి. వేణ్ణీళ్ళు పోస్తే వంగిపోతుంది, టూత్‌పేస్ట్ గీతలు పెడుతుంది, మెత్తటి బ్రష్షూ సబ్బూ చాలు. కడిగేటప్పుడు కింద నీళ్ళ బేసిన్ పెట్టుకోండి, చెయ్యిజారి గచ్చు మీద పడితే రెండు ముక్కలే.

ఎముక తగ్గేకొద్దీ సెట్టు వదులవుతుంది, అప్పుడు లోపల కొత్త లైనింగ్ వేస్తారట. కింద రెండు ఇంప్లాంట్లు, అంటే దవడ ఎముకలోకి దించే మరల్లాంటివి, వేసి సెట్టుని వాటికి బిగిస్తే ఈ లేవడం చాలావరకు ఉండదు ఆంటీ, ముందు షుగరు కంట్రోల్లో పెట్టండి అంది డాక్టరమ్మాయి. మావారు ఖర్చు అడిగి ఊరుకున్నారు, నేను మాత్రం సాయంత్రం నడక పెంచా.