డాష్‌క్యామ్ వైరు కనబడకుండా

సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి కోరాపుట్ పోయే బళ్లకి డాష్‌క్యామ్ (దారిని రికార్డు చేసే ముందద్దం కెమెరా) మంచిదే గానీ, అద్దం మీంచి వైరు వేలాడితే మలుపు మలుపుకీ గేరు రాడ్డుకి తగులుతుంది.

పైన రూఫ్ లైనింగ్ అంచులోకి వైరు వేలితోనే దూరిపోతుంది. స్క్రూడ్రైవర్ వాడితే గుడ్డ చిరుగుతుంది, ప్లాస్టిక్ చెక్క వాడండి. జాగ్రత్త కావాల్సింది ఎ-పిల్లర్ (ముందద్దం పక్క స్తంభం) దగ్గర. దానిమీద ఎయిర్‌బ్యాగ్ అని అచ్చుంటే వైరు ఆ బ్యాగుకి వెనకగా పోవాలి, కంపెనీ వైరు గుత్తికి జిప్ టైతో కట్టాలి. ముందు నుంచి లాగితే బ్యాగు తెరుచుకునేటప్పుడు వైరు అడ్డొస్తుంది.

క్యామ్‌కి ఫ్యూజ్ బాక్సు నుంచే కరెంటిచ్చే హార్డ్‌వైర్ కిట్లలో ఎక్కువగా పసుపు వైరు ఎప్పుడూ కరెంటుండే ఫ్యూజ్‌కి, ఎర్రది తాళం తిప్పితేనే వచ్చేదానికి. కిట్ కాగితం చూసి, మల్టీమీటర్‌తో తేల్చుకోండి. తారుమారైతే పార్కింగ్ రికార్డింగ్ ఉండదు. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ ఫ్యూజ్‌ల జోలికి పోవద్దు.

నల్లది ఎర్త్. ఎక్కువమంది తప్పు ఇక్కడే: రంగు పూసిన బోల్టుకి బిగిస్తారు. గుంత తగలగానే క్యామ్ ఆగి మళ్లీ మొదలవుతుంది, జనం క్యామ్‌నే తిడతారు! బోల్టు కింద రంగు గీకి, మెరిసే లోహానికి బిగించండి.

కటాఫ్ (బ్యాటరీ దిగిపోకుండా కిట్ క్యామ్‌ని ఆపేసే వోల్టేజీ) 12.0 వోల్టులు పెట్టండి, బ్యాటరీ పాతదైతే 12.2. మిగిలిన వైరు చుట్టకి ఫోమ్ టేపు చుట్టకపోతే ఘాట్ అంతా టకటకే.