గుమ్మానికి పట్టించిన అవిసె నూనె

మా వీధి గుమ్మానికి అవిసె నూనె పట్టించి పది రోజులైనా వేలు ఆనిస్తే జిగురుగా అంటుకుంటూనే ఉంది. టేకు చెక్క మీది చెక్కడపు పువ్వుల సందుల్లో పాలమీగడలాంటి ముడతలు కూడా కట్టింది. కొట్టులో ఇచ్చిన డబ్బా మీద లిన్సీడ్ ఆయిల్ అని మాత్రమే ఉంది. అది పచ్చి నూనెనా, కాచినదా అని నేను అడగలేదు.

నీళ్లు ఆరినట్టు ఈ నూనె ఆరదు. ఇది గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని, అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి, గట్టి పొరగా మారుతుంది. అందుకే గట్టిపడే క్రమంలో దీని బరువు తగ్గకపోగా మొదట్లో పెరుగుతుంది. సాధారణంగా ఇందులో సగానికి పైగా ఉండే లినోలెనిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లమే దీనికి మూలం. కొబ్బరి నూనెకు ఈ గుణం లేదు. మందంగా పూస్తే పైపొర ముందుగా బిగుసుకుని గాలిని లోపలికి పోనివ్వదు కనుక అడుగున నూనె పచ్చిగానే మిగిలి, పైన ముడతలు పడతాయి. మా గుమ్మానికి జరిగింది అదే. టర్పెంటైన్‌తో తుడిచి, పలచగా పూసి, పావుగంట తరువాత చెక్క పీల్చుకోని నూనెనంతా గుడ్డతో తీసేస్తే గాని అది దారికి రాలేదు.

పచ్చి నూనె చెక్కలోకి బాగా ఇంకుతుంది గాని గట్టిపడడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. కాచిన నూనెను, అంటే డబుల్ బాయిల్డ్ అని అమ్మేదాన్ని, ఇప్పుడు త్వరగా గట్టిపరిచేది ఎక్కువగా అందులో కలిపే కోబాల్టు, మాంగనీసు వంటి లోహ లవణాలే. తలుపులకు ఇదే మేలని నా అభిప్రాయం. గరిటెలకు, పప్పుగుత్తులకు మాత్రం వాడకూడదు. ఎండావానలు తగిలే చోట నూనె ఒక్కటే చాలదు, అది పూర్తిగా గట్టిపడిన తరువాత పైన వార్నిష్ వేయవలసిందే.

కాన్వాసు మీద బొమ్మలు వేసేవారికి ఆ డబ్బా పనికిరాదు. వారికి శుద్ధి చేసిన నూనె గాని, గాలి తగలకుండా సుమారు 300 డిగ్రీల వేడిలో కాచిన స్టాండ్ ఆయిల్ గాని కావాలి; తేనెలా చిక్కగా ఉండే ఈ రెండోది కుంచె గీతలను సర్దేస్తుంది, తక్కువగా పసుపెక్కుతుంది. తెలుపు రంగుకు గసగసాల నూనె నయమంటారు గాని, దాని పొర అంత దృఢం కాదు కనుక కింది పొరల్లో నేను వాడను.

అన్నిటికన్నా ముఖ్యమైనది తుడిచిన గుడ్డల సంగతి. నూనె గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. ఉండచుట్టి పడేసిన గుడ్డలో ఆ వేడి బయటికి పోలేక దానంతటదే అంటుకుంటుంది. 1991 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలోని 38 అంతస్తుల వన్ మెరిడియన్ ప్లాజా భవనంలో ఇలాంటి గుడ్డల నుంచే మంటలు మొదలై ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. ఇప్పుడు నేను ప్రతి గుడ్డనూ విడివిడిగా పెరటి తీగ మీద ఆరవేసి, అట్టలా బిరుసెక్కిన తరువాతే పారవేస్తున్నాను.