నుదుటి మీద చెయ్యి, చంకలో థర్మామీటరు

మా అమ్మాయి పురిటికి విజయవాడలోని మా ఇంటికి వచ్చి ఉన్న రోజులవి. మే నెలలో ఒక సాయంత్రం నాలుగు గంటల వేళ మా అత్తగారు మునిమనవడి నుదుటి మీద చెయ్యి వేసి, "అమ్మాయీ, పిల్లవాడి ఒళ్లు కాలిపోతోంది, జ్వరమే" అన్నారు. అప్పటికి బిడ్డకు నలభై రోజులు. తలకు ఉన్ని టోపీ, కాళ్లకు మేజోళ్లు, ఒంటి చుట్టూ రెండు మడతల పాత చీర గుడ్డ. పైగా బాలింతకు గాలి తగలకూడదన్న పట్టుదలతో ఆవిడ ఫ్యాను కూడా ఆపించేశారు. చంకలో చెమట తుడిచి డిజిటల్ థర్మామీటరు పెడితే 99.2 ఫారన్‌హీట్ డిగ్రీలు చూపింది. టోపీ తీసి, ఒక మడత విప్పి, ఫ్యాను నెమ్మదిగా తిప్పి, ఇరవై నిమిషాలు ఆగి మళ్లీ చూస్తే 98.3కు దిగింది.

అయినా పిల్లల డాక్టరుగారికి ఫోను చేశాను. ఆవిడ మొదట వయసు అడిగారు, తరువాత పాలు మామూలుగా తాగుతున్నాడా అని అడిగారు, అంకె సంగతి ఆఖరున అడిగారు. ఆ వరుసలోనే విషయమంతా ఉందని నాకు తరువాత అర్థమైంది.

మనందరికీ కంఠస్థమైన 98.6 అనే అంకె, 1868లో లైప్‌జిగ్ నగరపు వైద్యుడు కార్ల్ వుండర్‌లిష్ ప్రచురించిన గ్రంథం వల్ల ప్రచారంలోకి వచ్చింది. అది ఒక సగటు మాత్రమే కాబట్టి దానికి అర డిగ్రీ పైన ఉంటే జ్వరమనీ, కింద ఉంటే నీరసమనీ అనుకోనక్కరలేదు. పసిబిడ్డకు చంకలో 97.7 నుంచి 99.5 వరకు, అంటే సెల్సియస్‌లో 36.5 నుంచి 37.5 వరకు, మామూలే. ఆ పరిధిలోనే తెల్లవారుజామున కొంత తగ్గుతుంది, సాయంత్రానికి కొంత పెరుగుతుంది; గుక్కపట్టి ఏడ్చినా, నలుగు పెట్టి వేడినీళ్లు పోసినా కొంతసేపు పెరుగుతుంది. అందుకే స్నానమైన వెంటనే చూడకుండా, పావుగంటో ఇరవై నిమిషాలో ఆగి చూడాలి. (స్నానం తరువాత సాంబ్రాణి పొగ వేయడం గురించి మా ఇంట్లో వేరే యుద్ధమే జరిగింది. ఆ పొగ పసివాళ్ల ఊపిరితిత్తులకు మంచిది కాదని మాత్రం ఇక్కడ చెప్పి ఊరుకుంటాను.)

పెద్దవాళ్లు చలి వేస్తే వణికి వేడి పుట్టించుకుంటారు, ఉక్కపోస్తే దుప్పటి తీసేస్తారు. పసికందుకు వణకడం సరిగా రాదు, గుడ్డ తీసుకునే చేతులూ రావు. బరువుతో పోలిస్తే చర్మపు విస్తీర్ణం ఎక్కువ కనుక వేడి త్వరగా పోతుంది, బిగించి చుడితే త్వరగా పేరుకుంటుంది. ఇలా బయటి వేడి వల్ల ఒళ్లు వెచ్చబడటం వేరు, జ్వరం వేరు. జ్వరంలో మెదడులోని హైపోథాలమస్ అనే భాగం ఒంటి వేడి స్థాయిని తానే పెంచుతుంది. ఇన్ఫెక్షన్‌తో పోరాడే క్రమంలో అది ఒక భాగం. జ్వరం పైకి ఎక్కుతున్న సమయంలో పొట్ట కాలుతూ ఉండగా అరికాళ్లు చల్లగా ఉండటం అందుకే. నుదుటి మీద చేతికి ఈ తేడాలు తెలియవు.

వయసు ఎందుకంత ముఖ్యమంటే, మూడు నెలలు నిండని బిడ్డకు 100.4 డిగ్రీలు, అంటే 38 సెల్సియస్, వచ్చిందంటే అది రాత్రి రెండు గంటలైనా ఆసుపత్రికి తీసుకువెళ్లవలసిన విషయం. ఆ వయసులో రక్తంలో, మూత్రంలో, మెదడు పొరల్లో ఇన్ఫెక్షన్ ఉన్నా పైకి జ్వరం తప్ప మరో గుర్తు కనిపించకపోవచ్చు. గుడ్డలు విప్పాక తగ్గింది కదా అని కూడా ఆగకూడదు. చంకలో చూసినప్పుడు అసలు వేడి కన్నా కొంత తక్కువే చూపుతుంది కాబట్టి, ఆ వయసులో చంకలో 99.5 దాటినా డాక్టరును అడగడమే మేలు. వేడి తగ్గిపోవడమూ అంతే ప్రమాదకరం: జబ్బుపడిన నవజాత శిశువు ఒళ్లు కాలడానికి బదులు చల్లబడిపోవచ్చు. పాలు తాగని, లేపినా లేవని, ఎగశ్వాస పడుతున్న బిడ్డ విషయంలో థర్మామీటరు ఏమి చూపినా ఎదురుచూడకూడదు.

మరుసటి వారం ఆరు వారాల టీకాలు వేయించాము. ఆ రాత్రి వాడికి జ్వరం తగిలింది; టీకా వల్ల వచ్చే జ్వరం ఒకటి రెండు రోజుల్లో తగ్గే సంగతి అని డాక్టరుగారు ముందే చెప్పి, నాలుగున్నర కిలోల బరువు చూసి, పారాసెటమాల్ చుక్కల మందు అర మిల్లీలీటరు రాసి ఇచ్చారు. అసలు భయం నాకు అక్కడ తెలిసింది. చుక్కల సీసా మీద మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములని ఉంది. బంధువుల పిల్లవాడికి వాడగా మిగిలిన సిరప్ సీసా మీద అయిదు మిల్లీలీటర్లకు 125 అని ఉంది. అంటే చుక్కల మందు నాలుగు రెట్లు గాఢమైనది. సిరప్ రెండు మిల్లీలీటర్లు వేయమన్న చోట పొరపాటున చుక్కల మందు అంతే వేస్తే, 50 మిల్లీగ్రాములు వెళ్లవలసిన పొట్టలోకి 200 వెళ్తుంది. రెండు సీసాలూ పక్కపక్కనే ఒకే అరలో ఉన్నాయి, రెండు మందులూ ఒకే రంగులో ఉన్నాయి. సిరప్ సీసా ఆ రాత్రే పారేశాను. మూడు నెలల లోపు బిడ్డకు డాక్టరు చెప్పకుండా ఈ మందు వేయనే కూడదు. చెప్పిన తరువాతైనా చెంచాతో కాకుండా, సీసాతో వచ్చిన కొలత గొట్టంతోనే కొలవాలి.

పళ్లు వస్తున్నాయి కాబట్టే జ్వరమని అందరూ అంటారు; చిగుళ్ల వల్ల కొద్దిగా వెచ్చబడవచ్చు గాని 100.4 దాటిన జ్వరానికి కారణం వేరే ఉంటుంది. చన్నీళ్ల గుడ్డతో తుడిస్తే కాస్త పెద్దయిన బిడ్డ వణికి వేడి ఇంకా పెరగవచ్చు. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు కొందరికి జ్వరంలో ఫిట్స్ వస్తాయి. అప్పుడు చేతిలో తాళాలు పెట్టకుండా, నోట్లో ఏమీ పెట్టకుండా, పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడాలి. అయిదు నిమిషాలకు ఆగకపోతే వెంటనే ఆసుపత్రికి. ఆగినా, మొదటిసారి అయితే అదే రోజు డాక్టరుకు చూపించాలి.

ఇప్పుడు మా వంటగదిలో క్యాలెండరు పక్కన ఒక చిన్న నోటుపుస్తకం వేలాడుతోంది: తేదీ, వేళ, చంకలో చూసిన అంకె, వేసిన మందు, పాలు తాగిన తీరు. అత్తగారు ఇప్పటికీ ముందు నుదుటి మీదే చెయ్యి వేస్తారు. తరువాత కళ్లజోడు పెట్టుకుని, పుస్తకంలో క్రితం సారి ఎంత ఉందో చూసి, థర్మామీటరు తెమ్మంటారు.