ఓరుగల్లు కోటను నడిచి చూడండి

వరంగల్ కోటకి నేను మొదటిసారి ఒక టూర్ బస్సులో వెళ్లాను. రామప్ప, వేయిస్తంభాల గుడి, భద్రకాళి గుడి, కోట అన్నీ ఒక్క రోజులో చూపిస్తామన్నారు. తీరా కోటకి చేరేసరికి పొద్దుగూకుతోంది, ఇరవై నిమిషాల్లో వచ్చేయాలని చెప్పి దింపారు, తోరణం ముందు నాలుగు ఫొటోలు దిగి ఉరుకులు పరుగుల మీద బస్సెక్కాం. అప్పటినుంచి మనసులో వెలితిగానే ఉంది. పోయిన నెల అమ్మను తీసుకుని మళ్లీ వెళ్లాను. ఈసారి ఆ ఊళ్లోనే పుట్టి పెరిగిన ఒక గైడ్‌ని మాట్లాడుకుని పొద్దున్నే బయల్దేరాం.

ఆయన మమ్మల్ని ముందు తోరణాల దగ్గరికి తీసుకెళ్లలేదు. రాతికోట తూర్పు ద్వారం బయటే ఆటో ఆపించి, ఇక్కణ్ణుంచి నడుద్దాం అన్నారు. ద్వారం నేరుగా లోపలికి పోదు. ఒక మలుపు తిరిగితే నాలుగు పక్కలా ఎత్తైన గోడలున్న ఖాళీ జాగా వస్తుంది, అక్కడ మళ్లీ ఇంకో మలుపు. "అమ్మా, మీరు ఏనుగు మీద తలుపు పగలగొట్టనీకి వస్తున్నరనుకోండ్రి, ఉరికి గుద్దడానికి జాగా ఏది?" అని అడిగారు. అమ్మ పైకి చూసి, పైనుంచి బాణాలు పడితే ఎటు పోతాం అంది. అదేనమ్మా అన్నారాయన. ఇప్పుడు అదే మలుపులో బైకులూ ఆటోలూ హారన్ కొట్టుకుంటూ పోతున్నాయి, ఎందుకంటే కోట లోపల ఇప్పటికీ ఊరుంది, ఇళ్లున్నాయి, పొలాలున్నాయి. బస్సులోంచి చూస్తే ఆ మలుపుల సంగతి అసలు తెలియనే తెలియదు.

ఈ రాతిగోడను కాకతీయ రాజు గణపతిదేవుడు మొదలుపెడితే కూతురు రుద్రమదేవి పూర్తి చేసింది. మొత్తం 45 బురుజులు. గైడ్ అమ్మ చెయ్యి పట్టుకుని రెండు రాళ్ల మధ్య అతుకు మీద పెట్టించారు. సున్నం లేదు, గచ్చు లేదు, రాయి మీద రాయి కూర్చోబెట్టారంతే. అమ్మ గోరు దూరుతుందేమోనని చూసింది, దూరలేదు. చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

ఆ తర్వాతే తోరణాలు. ఒక్కటి కాదు, నాలుగు దిక్కులా నాలుగు. నడుమ ఉన్న శివాలయానికి అవి ద్వారాలు. ఆ గుడి ఇప్పుడు లేదు, విరిగిన స్తంభాలు, చూరు రాళ్లు, నందులు వరుసలుగా పేర్చి ఉన్నాయి. 1323లో ఢిల్లీ సుల్తాన్ కొడుకు ఉలుగ్ ఖాన్ సేనలకి ఓరుగల్లు లొంగిపోయింది, అప్పటి కాకతీయ రాజు ప్రతాపరుద్రుణ్ణి బందీగా ఢిల్లీకి తీసుకుపోతుంటే దారిలో నర్మద ఒడ్డున చనిపోయాడు. అది చెప్తున్నప్పుడు గైడ్ గొంతు తగ్గింది. రోజూ చెప్పే మాటే అయినా అప్పజెప్పినట్టు లేదు. తోరణాన్ని దగ్గరగా చూడమన్నారు: పైన హంసలు, అడ్డదూలం కింద వేలాడే తామర మొగ్గలు, పూల హారాలు. దేవుడి బొమ్మ ఎక్కడా కనబడదు, అందుకే వీటిని పగలగొట్టకుండా వదిలేసి ఉంటారని చాలామంది అంటారట. 2014లో తెలంగాణ రాజముద్రలోకి ఎక్కింది ఈ తోరణమే. రోజూ ప్రభుత్వ కాగితాల మీద చూసే బొమ్మ కింద నిలబడి తలెత్తి చూస్తే ఒళ్లు జలదరించింది.

పక్కనే ఉన్న ఖుష్ మహల్ అనే పాత దర్బారు హాలు చూసి, మధ్యాహ్నానికి హనుమకొండ వెళ్లాం. వేయిస్తంభాల గుడి 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించింది. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ మూడు గర్భగుళ్లు. నల్లరాతి నందిని ఎంత నునుపుగా చెక్కారో చెప్పలేను. అమ్మకి అప్పటికే కాళ్లు లాగుతున్నాయి, మండపంలోనే కూర్చుండిపోయింది.

వరంగల్ వెళ్లేవాళ్లు దయచేసి కోటకి కనీసం సగం రోజు ఉంచుకోండి, ఊళ్లో గైడ్‌ని పెట్టుకోండి. రాతికోట బయట మట్టికోట కూడా ఉంది, మాకు టైం సరిపోలేదు. తిరిగొస్తుంటే దాని పక్కనుంచే వచ్చాం, చెట్లూ పొదలూ పెరిగిపోయి మామూలు దిబ్బలా ఉంది. ఇదేనా అని అమ్మ అడిగింది. ఇదేనని చెప్పి ఆటో ఆపించాను, ఐదు నిమిషాలు నిలబడి చూసి వచ్చాం.