క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు

అటక మీది క్యాసెట్ల పెట్టె దింపాక సినిమా పాటలు పక్కన పెట్టేయండి. అవి ఇంతకన్నా శుభ్రంగా నెట్‌లో దొరుకుతాయి. పెన్నుతో పేరు రాసినవి ముందు తీయండి: ఊళ్ళో మైకు దగ్గర పట్టిన హరికథ, పెళ్ళిలో సన్నాయి, గల్ఫ్ వెళ్ళినవాళ్ళు ఉత్తరానికి బదులు మాట్లాడి పంపిన టేపు. వాటికి ఎక్కడా రెండో కాపీ ఉండదు.

క్యాసెట్ వెనక అంచున రెండు కొసల్లో ఉండే చిన్న ప్లాస్టిక్ రెక్కలు ముందే విరిచేయండి. ఇక రికార్డు బటన్ దిగదు, పొరపాటున చెరిగిపోదు. రీలు మీద తెల్లటి బూజు కనిపిస్తే మాత్రం తిప్పొద్దు. అది హెడ్‌కి (ప్లేయర్‌లో రీలును చదివే భాగానికి) అంటి మిగతా క్యాసెట్లకూ పాకుతుంది. రీలును హెడ్‌కి అదిమే మెత్త ఊడిపోతే శబ్దం మూగబోతుంది. స్క్రూలున్న క్యాసెట్ అయితే విప్పి, రీలును బాగున్న మరో క్యాసెట్ డొల్లలోకి మార్చవచ్చు.

హెడ్‌ని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, దూదిపుల్లకు గోధుమరంగు అంటడం ఆగేదాకా తుడవండి. పాట సాగినట్టు, ఊగినట్టు వస్తుంటే ముందు ప్లేయర్ లోపల రీలును తిప్పే రబ్బరు బెల్టును అనుమానించండి. ఆ ఊగిసలాటను తర్వాత సరిచేయడం చాలా కష్టం, కాబట్టి బెల్టు మార్చాకే మొదలుపెట్టండి.

చాలామంది వదిలేసేది హెడ్ వాలు, అంటే రీలుకు హెడ్ ఆనే కోణం. ఇంట్లో రికార్డు చేసిన టేపు వేరే ప్లేయర్‌లో దుప్పటి కప్పినట్టు వినిపిస్తే లోపం టేపుది కాకపోవచ్చు. హెడ్ పక్కనుండే చిన్న స్క్రూ పాత స్థానానికి గుర్తు పెట్టి, టేపు ఆడుతుండగా అటూ ఇటూ కొద్దికొద్దిగా, పావు చుట్టు దాటకుండా తిప్పండి. తాళాల మోత, 'స'కారాలు ఒక్కసారిగా విచ్చుకునే చోట ఆపండి.

ప్లేయర్ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి వైరును కంప్యూటర్ లైన్-ఇన్‌కే (బయటి ప్లేయర్ల శబ్దం తీసుకునే సాకెట్‌కే) ఇవ్వండి. మైకు సాకెట్‌కి ఇస్తే గొంతు పగిలిపోతుంది. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 44,100 హెర్ట్జ్, 24 బిట్ పెట్టి, అత్యధిక శబ్దం మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. 60 నిమిషాల క్యాసెట్‌కి గంట పడుతుంది, వేవ్ ఫైలు దాదాపు 950 ఎంబీ అవుతుంది.

బుస తీసే ఫిల్టర్ కాపీ మీదే వాడండి, అసలు ఫైలు ముట్టుకోవద్దు. ఎక్కువ లాగితే బుసతోపాటు శ, ష, స కూడా అరిగిపోతాయి. ఫైలు పేరులో సంవత్సరం, ఏ వైపో రాయండి. ఆ గొంతులు గుర్తుపట్టగల పెద్దవాళ్ళకు వినిపించి, ఏ నిమిషంలో ఎవరు మాట్లాడుతున్నారో వాళ్ళు చెప్తుండగానే రాసి పెట్టుకోండి.